నా నవలలో మంచివాడైన మనిషి

నేను రాస్తున్న నవలలో కథానాయకుడికి మొదట ఒళ్లు లేదు. టోపీ ఉంది, గుర్రం ఉంది, కోపం ఉంది. వనపర్తిలో కాలేజీ చదివే రోజుల్లో హాస్టల్ గదుల్లో చేతులు మారిన ఇంగ్లీషు నవలల్లోంచి వచ్చినవాడు అతను. వాటిలో ఎప్పుడూ ఒక రాంచ్ ఉండేది. కనుచూపు మేర గడ్డి, పశువులు, ఒక కంచె. కంచెకు అటు ఒకడు, ఇటు ఒకతె. మొదటి పేజీల్లో ఒకరి ముఖం ఒకరికి గిట్టదు, చివరికి వచ్చేసరికి ఒకరు లేనిదే ఒకరు బతకలేరు. ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టిందని తెలిసి, అలాంటిదే తెలుగులో రాయాలనుకున్నాను. కొడుకు పుట్టాక నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. వాడి ఊపిరి వినపడకపోతే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఎలాగూ మేలుకునే ఉంటున్నాను కదా, రాద్దామనుకున్నాను.

రాంచ్ అనేదాన్ని నేను ఎన్నడూ చూడలేదు. చూసినవల్లా కొల్లాపూర్ వైపు మామిడితోటలు. అందుకని కృష్ణ ఒడ్డున ఒక పెద్ద తోట పెట్టి, దాన్నిండా పశువులను తోలాను.

రాసింది వినడానికి మా ఆడబిడ్డ ఉంది. మా ఆయనకు చెల్లెలు, నాకంటే చిన్నది. ఆమెను గోపాల్‌పేట ఇచ్చారు. అక్కడివాళ్లు మగ్గాలు అమ్మేసి బర్రెలు కొనుక్కుని, పాలు పోసి బతుకుతున్నారు. ఆమె కడుపుతో ఉండగా పాలు ఒలికాయని మొగుడు తోశాడు. పోయి కుడితి తొట్టి మీద పడింది. కడుపు పోయింది. దవాఖాన నుంచి నేరుగా గద్వాలకు, మా ఇంటికే తెచ్చుకున్నాం. ఆ రోజు మా ఆయన "ఇగ పంపేది లేదు" అన్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట మళ్లీ అనలేదు.

పొద్దున్నే మా ఆయన మగ్గం గుంటలోకి దిగేవాడు. ఆయన అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టుకునే నూలు కండెలను మేమిద్దరం పక్కనే కూర్చుని చుట్టేవాళ్లం. ఆమె రాట్నం తిప్పుతుంటే, రాత్రి రాసింది నేను చదివి వినిపించేదాన్ని. ఆమెకు చదువు రాదు.

"గుర్రమెక్కి పశువుల్ని కాస్తడా?" అంది మొదటి రోజు.

"పెద్ద తోట గదా. నడిస్తె ఒడవదు."

"మరి పెండ ఎవరు తీస్తరు?"

"పనోళ్లుంటరు."

"పెండ తియ్యనోనికి పశువు మీద గంత ప్రేమేంది? వాడు దొర వదినా. నీ పిల్లకు వాడొద్దు."

మగ్గం గుంటలోంచి మా ఆయన తల ఎత్తకుండానే, "ముందుగాల ఆ టోపీ తియ్యిమను. తువ్వాల చుట్టుకుంటె ఏమైతది వానికి?" అన్నాడు. ఆమె దవాఖాన నుంచి వచ్చాక నవ్వడం అప్పుడే చూశాను.

టోపీ తీసేశాను. గుర్రాన్నీ తీసేశాను. అప్పటి నుంచి ఆమె చెప్పడం, నేను రాయడం. పాలు చేపడానికి దూడను ఎంతసేపు విడవాలి, ఈనే ముందు బర్రె మందలోంచి ఎలా పక్కకు పోయి నిలబడుతుంది, వాన వచ్చే ముందు కొట్టం వాసన ఎలా మారుతుంది. చెబుతూ చెబుతూ మొగుడి గురించి చెప్పేది. "ఆయన" అనేది. ఆయన పిండే ముందు బర్రె వీపు మీద చిన్నగా తట్టేవాడట. పొదుగు పగిలితే వెన్న రాస్తూ, "నీకేం తక్కువ జేసిన్నే, గట్ల జూస్తవ్?" అని అడిగేవాడట. ఒక బర్రె ఈనలేక అవస్థ పడితే దాని మెడ పట్టుకుని ఏడ్చాడట.

అవన్నీ రాసుకున్నాను. నా మనిషికి చేతులొచ్చాయి, గొంతు వచ్చింది. బర్రె మెడ పట్టుకుని ఏడ్చేవాడి ముందు టోపీలవాళ్లు ఎందుకూ పనికిరారనిపించింది. అదే మనిషి పాలచెంబు విసిరితే కనుబొమ్మ చీలిందని కూడా ఆమే చెప్పింది. ఆ గాటు నా ఎదురుగానే ఉండేది. అది మాత్రం రాయలేదు. ప్రేమకథలో అదెందుకు అనుకున్నాను.

కథ పాకాన పడింది. కంచె తెగి అతని పశువులు నా కథానాయిక వేరుశనగ చేలో పడ్డాయి. ఆమె వాటిని కట్టేసి ఇవ్వనంది. అతను వచ్చి అరిచాడు, ఆమె తిరిగి అరిచింది. మా ఆడబిడ్డకు ఆ భాగం ఎంత నచ్చిందో!

"గంతేనా? ఇంకో మాట అనిపియ్యి వదినా. 'నీ మొగం జూస్తె ఉన్న పాలు ఇరుగుతయ్' అనుమను."

అనిపించాను. తర్వాత, అలాంటి నవలల్లో జరగవలసిందే జరిగింది. కథానాయికకు జ్వరం వచ్చింది. అతను చెంబు నిండా పాలు తెచ్చి, గడప మీద పెట్టి, పిలవకుండా వెళ్లిపోయాడు.

రాట్నం ఆగింది.

"ఏమన్లేదా? పెట్టి పోయిండా?"

"పెట్టి పోయిండు."

ఆమె నూలుపోగు వేళ్ల మధ్య అలాగే పట్టుకుని అంది: "మా ఆయన గూడ నోరు లేనోడే వదినా. బర్రెల తోని తప్ప మనుషుల తోని మాట్లాడరాదు. జర టైం పడ్తదేమో."

ఇన్ని రోజులుగా నేను ఎవరిని మంచివాణ్ణి చేస్తూ వచ్చానో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రే వాణ్ణి చెడగొట్టడం మొదలుపెట్టాను. కథానాయికను కొట్టించాను. పొద్దున చదివితే ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్ల రాయకు."

"అసుంటోళ్లు ఉండరా?"

"ఎందుకుండరు? ఈయన గాదు. ఈయన అప్పటిసంది మారుకుంట వస్తుండు గదా. ఒక్క రాత్రిల మల్ల ఎట్ల పాడైతడు? నీకే రాయొస్తలేదు."

నిజానికి ఆమె చెప్పిందే సరైన మాట. ఆ పేజీలో ప్రాణం లేదు. తర్వాత తాగించాను. "ఎవడో తాపి ఉంటడు" అంది. ఇంకో ఆడదాన్ని తెచ్చాను. "ఆమెనే ఎంబడి పడ్డట్టుంది" అంది. విసిగిపోయి వాణ్ణి ఒక లారీ ఎక్కించి తోటలోంచే పంపేశాను. మర్నాడు నేను కూర్చోకముందే, కండె చేతిలోకి తీసుకోకముందే అడిగింది: "వచ్చిండా?"

వచ్చింది ఆమె మొగుడు. కులపెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని ఒక మధ్యాహ్నం వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, నూనె పెట్టిన తల. పెళ్లి తర్వాత అతన్ని చూడడం నాకు అదే మొదటిసారి. కానీ ఆ చేతులు నాకు బాగా తెలిసినవి, రాసి రాసి.

"ఏమంటవ్ మరి?" అన్నాడు పెద్దమనిషి.

"తప్పైంది. ఇంకోసారి గాదు," అన్నాడు, పాలు ఎన్ని లీటర్లో చెప్పినంత తేలిగ్గా.

"అయిపాయె. మొగోడు ఇంతకంటె ఏమంటడు?"

మా అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆయన నేల చూస్తున్నాడు. తలుపు వెనక బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ నేను, "పిల్లనొకసారి అడగరా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు గానీ పెద్దమనిషికి వినపడింది.

"అడుగుడేంది బిడ్డా? ఎవరింటికి వాళ్లు పోతందుకు అడుగుతరా?"

అడగనక్కర్లేకపోయింది. ఆమె సంచి సర్దుకుని గడపలో నిలబడి ఉంది. "పోత," అంది.

మా ఇళ్లలో ఇలా తిరిగి పోయే ఆడపిల్లను ఒంటరిగా పంపరు. పుట్టింటి ఆడమనిషి ఒకరు వెంట వెళ్లి, ఒక రాత్రి ఉండి, దిగబెట్టి రావాలి. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. "నువ్వు పో," అంది నాతో. "మంచిగ అప్పజెప్పి రా."

మర్నాడు గద్వాలలో బస్సెక్కాం. అతను ముందు మగవాళ్లతో కూర్చున్నాడు. మేమిద్దరం వెనక, నా ఒడిలో బిడ్డ. పక్కన ఎవరూ లేకుండా ఆమెతో మాట్లాడడానికి నాకు మిగిలింది ఈ దారి మాత్రమే. వనపర్తిలో దిగి బస్సు మారితే, గోపాల్‌పేట ఎంతసేపు? ఆ తర్వాత ఆ కొట్టం, ఆ తొట్టి, ఆమె. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటుతుంటే చెప్పాను.

"అదంత ఉత్తదే పిల్లా. గట్ల మారినోన్ని నేనెక్కడ జూడలే. పుస్తకాలు జూసి కల్పించిన. అది నమ్ముకుని పోవద్దు."

ఆమె నావైపు వింతగా చూసింది. "అది కత అని నాకు తెల్వదా వదినా? నేనేమన్న చిన్నపిల్లనా?"

"మరెందుకు పోతున్నవ్?"

"ఇంకేడికి పోవాలె? ఆడపిల్ల పుట్టింట్ల ఎన్నొద్దులుంటదని అమ్మ దినాం గోడకు జెప్తది, నేను వినాల్నని. అన్న బువ్వ తినేటప్పుడు నా మొగం జూస్తలేడు. నువ్వు గూడ..." ఆగింది.

"నేను గూడ ఏంది?"

"ఉండుమని నువ్వు గూడ అన్లే. కత రాసినవ్."

బస్సు వంతెన దాటింది. ఆమే మళ్లీ అంది, నా కొడుకు ఎండపడి కళ్లు చికిలిస్తుంటే కొంగు అడ్డం పెడుతూ: "పోక తప్పదని నాకెప్పుడో ఎర్కే. పోయేటప్పుడు కాళ్లొనకకుండ ఏదన్న ఒకటి జెప్పుకోవాలె గద. నీ కత మంచిగుండె. అదే జెప్పుకుంట పండుకుంటుంటి."

వనపర్తి బస్టాండులో దిగాం. అతను సంచి కింద పెట్టి నా దగ్గరికొచ్చాడు. "గోపాల్‌పేట బస్సెప్పుడో అడిగొస్త చెల్లె. పిల్లగానికి అరటిపండు తేనా?" అని వాడి బుగ్గ మీద చిన్నగా తట్టాడు. బిడ్డ నవ్వాడు. ఒక్క క్షణం, ఏమో, నేనే పొరబడ్డానేమో, నిజంగానే మారాడేమో అనిపించింది. ఆ దారి పొడుగునా నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే. ఆమె అది కథ అని తెలిసే చెప్పుకుంది. రాసిన నేను నమ్మబోయాను.

అతను జనంలో కలిశాడు. మా పక్కనే గద్వాల బస్సు బయలుదేరబోతోంది. నేను ఏదీ ఆలోచించలేదు. "జర వీన్ని పట్టుకో," అని బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, ఆ బస్సెక్కి కూర్చున్నాను.

"వదినా, అది గద్వాల బస్సు! దిగు!"

"తెల్సు. ఎక్కు."

ఆమె బస్సువైపు చూసింది, అతను వెళ్లినవైపు చూసింది. బిడ్డ ఏడుపు అందుకున్నాడు. డ్రైవరు బస్సును కదిలించాడు. రాత్రిళ్లు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే నేను, వాణ్ణి కింద వదిలి కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఎక్కకపోతే? లేచి "ఆపు" అనబోతుండగా ఆమె చంకలో బిడ్డ, భుజాన సంచితో పరుగెత్తుకొచ్చి ఎక్కింది. ఒక కాలికి చెప్పు లేదు. బిడ్డను నా ఒళ్లో పడేసి భుజం మీద గట్టిగా కొట్టింది.

"పిచ్చి లేసిందా నీకు? కన్నబిడ్డను ఇడ్సి ఎక్కుతవా? నేనెక్కకపోతె ఏం జేస్తుంటివి?"

"దిగుతుంటి."

"నన్నడిగినవా? ఆ పెద్దమనుషులడగలే, నువ్వడగలే."

నిజమే, అడగలేదు. వెనక అద్దంలోంచి చూస్తే అతను అరటిపళ్లు పట్టుకుని మేం నిలబడ్డ చోట నిలబడి ఉన్నాడు.

కండక్టరు వచ్చాడు. "ఏడికమ్మా?"

నేను ఆమెవైపు చూశాను. దిగిపోతానంటే దిగనివ్వాలి, ఇంక ఆపే మొహం నాకు లేదు. ఆమె బయటికి చూస్తోంది. కండక్టరు టికెట్ల కట్టను తొడమీద కొట్టుకుంటున్నాడు.

"గద్వాలకు రెండు," అంది. "పైసలు ఆమెనడుగు. నన్ను ఎత్కపోతున్నది ఆమెనే."

ముందు సీటు ముసలమ్మ నవ్వింది. మా ఆడబిడ్డ నవ్వలేదు.

ఇంటికొచ్చాక మా అత్త నెత్తి కొట్టుకుంది. "మా ఇజ్జత్ బజార్ల బెట్టినవ్ గదే! పెద్దలకేం జెప్పాలె?" మా ఆయన చెల్లెలి సంచి లోపల పెట్టాడు. అది సరేననడమో, ఇంకేమీ అనలేకపోవడమో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఆడబిడ్డ నాతో సరిగా మాట్లాడడం లేదు. నేను చదవడం లేదు, ఆమె అడగడం లేదు. వీధి తలుపు చప్పుడైతే రాట్నం ఆగుతుంది.

ఆదివారం పెద్దలు మళ్లీ కూర్చుంటారని కబురొచ్చింది. ఈసారి ఈ ఇంటి కోడలు, అంటే నేను కూడా వచ్చి జవాబు చెప్పాలన్నారట. ఇవాళ సాయంత్రం ఆమె బిడ్డ గుడ్డలు మడత పెడుతూ మొదటిసారి నోరు విప్పింది.

"ఏమంటవ్ మరి ఆదివారం?"

"నువ్వు పోవని జెప్త."

"ఎవరు సాకుతరంటరు."

ఆమె గుడ్డలు నా ఒళ్లో పెట్టి లేచింది. "గదే అడుగుతరు వదినా. జవాబు సోంచాయించుకో."

నవల కాగితాల వెనకవైపు ఖాళీగా ఉంది కాబట్టి దాని మీదే రాస్తున్నాను. "ఆమె పోదు" అని రాశాను. కింద వాళ్ల ప్రశ్న రాశాను: ఎవరు సాకుతరు? దాని కింద "నేను" అని రాసి కొట్టేశాను. నా పేరున మగ్గం లేదు, ఉద్యోగం లేదు. ఈ ఇంట్లో నేనూ ఒకరి మీద ఆధారపడి తింటున్నదాన్నే. కాలేజీ చదివిన ఆడదానికి బడిలో ఏదైనా దొరకదా? దొరికితే బిడ్డను ఎవరు చూస్తారు? ఆమె చూస్తుంది. అలా అనుకోగానే ధైర్యం వచ్చింది, వెంటనే సిగ్గేసింది, ఆమెను ఉంచడానికి ఆమెనే పనికి పెడుతున్నానా అని.

మళ్లీ "నేను" అని రాశాను. ఈసారి కొట్టేయలేదు. గట్టిగా అనడానికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆదివారంలోగా ఆ ఒక్క మాట నా గొంతులోంచి బయటికి రావాలి.