కాముని నిప్పు, ఎల్లమ్మ బండి

కాశిబుగ్గ చెత్తదిబ్బ పొగ మాట ఎత్తితే చాలు, వరంగల్‌లో ఎవరైనా ఒకటే కథ చెబుతారు. సఫాయి ఎల్లమ్మ చుట్ట కాల్చి, ఆర్పకుండా దిబ్బ మీద పారేసిందట. అది రాజుకొని వాడంతా పొగ తాగిందట. ఈ కథ చెప్పేవాళ్లలో సగం మంది ఎల్లమ్మ ముఖమైనా చూసి ఎరగరు. నేనెరుగుదును. ఎల్లమ్మ చుట్ట కాల్చేది కాదు, పొగాకు నమిలేది. నమిలిన పొగాకుతో దిబ్బలు అంటుకునేటట్లయితే ఈ ఊరు ఎన్నడో బూడిద కావలసింది.

అది 1945. యుద్ధం ఇంకా ముగియలేదు. నూలు దొరకక మగ్గాలు సగం రోజులు ఊరికే ఉండేవి. నేను హనుమకొండ దవాఖాన తరఫున హెల్త్ విజిటర్‌ను. అంటే వార్డులో మంచాల మధ్య తిరిగే నర్సును కాను, ఇల్లిల్లూ తిరిగి బాలింతలనూ పసిపిల్లలనూ చూసే నర్సును. కాలేజీలో చదివి గడప గడపా తిరగడమేమిటని మా బంధువులు దెప్పేవారు. కాలేజీ నాకు నేర్పిందల్లా ఎదురు ప్రశ్న వేయడమే. ఆ గుణం గడపల దగ్గరే ఎక్కువ పనికొచ్చింది.

కాశిబుగ్గలో నేతగాళ్ల ఇళ్లు నా వంతు. ఆ ఇళ్ల వెనక, ఇటుకల కోసం మట్టి తవ్విన గుంతలుండేవి. బల్దియా, అంటే మన మున్సిపాలిటీ, ఊరి చెత్తంతా ఆ గుంతల్లోనే పోయించేది. ఎండుటాకులు, తిని పారేసిన విస్తళ్లు, కొట్టాల్లోని గడ్డి, పత్తి దుమ్ము. అక్కడ మనుషులున్నారన్న సంగతి బల్దియాకు పన్ను అడిగే రోజున మాత్రమే గుర్తుకొచ్చేది.

ఆ ఏడు హోళీకి ఎప్పటిలాగే కూడలిలో కాముణ్ణి కాల్చారు. తెల్లవారి నేను ఆ దారినే పోతున్నాను. ఆడవాళ్లు కుండపెంకుల్లో నిప్పులెత్తుకొని ఇళ్లకు తీసుకుపోతున్నారు. ఆ నిప్పుతో నీళ్లు కాచి పోసుకుంటే రోగాలు రావని వాళ్ల నమ్మకం. నమ్మకంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మిగిలిన నిప్పుతోనే. కూడలి మధ్య కుప్ప ఇంకా కణకణలాడుతోంది. దాని పక్కన ఎల్లమ్మ తన రేకు బండి నిలిపి, చంకన నీళ్ల బిందెతో నిలబడింది.

"ఏయ్! కాముని మీద నీళ్లు పోస్తవా? వాడకు అరిష్టం గాదు?" అని అరుగు మీద నుంచి అరిచాడు నూలు సాహుకారి వీరేశం. వాడలో సగం మగ్గాలకు నూలు ఇచ్చేది ఆయనే.

"లోపల నిప్పున్నది దొరా. పొయ్యొద్దంటే జర సల్లారనియ్యుండ్రి మరి."

"సల్లారేదాక ఆగుతె ఎట్లనే?" అన్నాడు సఫాయివాళ్ల మీది జమాదారు. "బల్దియా పెద్దసాబు సవారి గీ తొవ్వనే వస్తాంది. జల్దీ ఎత్తు!"

"ఎత్తుమంటరు, ఆర్పొద్దంటరు. నిప్పునేడ వెట్టుకోవాలె, ఒళ్లెనా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నెలల పిల్లను చంకనేసుకున్న రుక్కమ్మ, నేత ఇంటి కోడలు, అందరికంటే గట్టిగా అంది: "గా నీళ్లు ఇంటికి కొంటబో ఎల్లమ్మా! కామునికెందుకు తానం?"

ఎల్లమ్మ బిందె దించింది. పారతో నిప్పులన్నీ బండిలోకెత్తింది. బండి పొగలు కక్కుకుంటూ గుంతల వైపు పోయింది. అది నేను చూశాను, వాడంతా చూసింది.

రెండు మూడు రోజుల్లో పొగ మొదలైంది. చెత్తదిబ్బ నిప్పు గడ్డివాము నిప్పులా మండి ఊరుకునేది కాదు. పైకేమీ కనబడదు, కుంపట్లో ఊకలాగా లోలోపలే రగులుతుంది. వీధిలో సాగదీసిన పడుగులకు మసి పట్టింది. అన్నంలో పొగ వాసన, తలగుడ్డలో పొగ వాసన. అన్నిటికంటే ముందు పసిపిల్లలకు దగ్గు పట్టుకుంది.

రుక్కమ్మ పిల్లకు అందరికంటే ఎక్కువైంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క కింది చర్మం లోపలికి గుంజుకుపోతోంది. దాన్ని ఇన్‌డ్రాయింగ్ అంటాం. పిల్ల గాలి కోసం పోరాడుతోందని దానర్థం. ఇన్‌హలేషన్, అంటే మందు కలిపిన వేడి నీటి ఆవిరి, పట్టించాను. ఆవిరి ఒక పక్క, కిటికీలోంచి వచ్చే పొగ ఇంకో పక్క. ఏం లాభం? రుక్కమ్మ అత్త వాకిట్లో కూర్చొని నన్ను వాయించింది.

"పిల్లకు సాంబ్రాణి పొగ వెయ్యొద్దంటివి గద నర్సమ్మా. గుప్పెడు పొగకే గంత లొల్లి జేస్తివి. ఇగ ఊరి పొగ మాన్పియ్యి!"

ముసలామె అడిగింది న్యాయమే. పిల్లను కొన్నాళ్లు హనుమకొండలో పుట్టింటికి తీసుకుపొమ్మని రుక్కమ్మకు చెప్పాను. పొగ తగ్గించలేని వైద్యం అంతకంటే ఏం చెబుతుంది? పుట్టిల్లు కూడా ఆ వాడలోనే ఉన్న తల్లులకు ఆ మాటైనా చెప్పలేకపోయాను.

మూట కడుతూ రుక్కమ్మ తిట్ల దండకం అందుకుంది. "గా ఎల్లమ్మ చేతులిరగ! నిప్పు దెచ్చి దిబ్బల వోస్తదా?"

"ఆర్పడానికి బిందెడు నీళ్లు తెచ్చింది కదే?"

"మేమే పోయనియ్యలే నర్సమ్మా. కామునిమీద ఎవరన్న నీళ్లు పోస్తరా?" అంది, ఎంతో పవిత్రంగా.

"మరి ఆర్పని నిప్పు ఎక్కడికి పోతుందనుకున్నారు?"

రుక్కమ్మ మూట ముడి మధ్యలో ఆగిపోయింది. అంతవరకు ఆ ప్రశ్న తనకు తట్టలేదు. కూడలి శుభ్రమైతే చాలు, నిప్పు లోకంలోంచే మాయమైనట్టు. మనం చెత్త పారేయడమంతా అంతే కదా! కళ్లకు కనబడకపోతే అది లేనట్టే.

ఈలోగా బల్దియాకు ఫిర్యాదులు పోయాయి. ఎవరో ఒకరు దొరకాలి. ఎల్లమ్మ దొరికింది. విచారణలో తప్పు రుజువైతే నౌకరీ పోతుంది. నౌకరీతో పాటు సఫాయివాళ్లకిచ్చిన గుడిసె కూడా పోతుంది. ఆ గుడిసెలో ఆమె, కళ్లు కనబడని మొగుడు. నన్నెవరూ పిలవకుండానే సాక్ష్యం చెబుతానని పోయాను. పిల్లతో హనుమకొండలో ఉన్న రుక్కమ్మను కూడా బతిమాలి వెంటబెట్టుకుపోయాను.

బల్దియా వరండాలో దరోగా, అంటే ఊరి సఫాయి పనంతటికీ పైవాడు, కుర్చీలో ఉన్నాడు. సాహుకారి వీరేశానికి పక్కనే ఇంకో కుర్చీ వేశారు. ఎల్లమ్మ మెట్ల కింద ఎండలో నిలబడింది.

"నిప్పు దిబ్బల వోసినవా, లేదా?"

"పోసిన బాంచెన్. కాముని నిప్పు. ఆర్పనియ్యలే."

"ఎవరు ఆర్పనియ్యలే?"

ఎల్లమ్మ సాహుకారి వైపు చూసింది. సాహుకారి కప్పు దూలాల వైపు చూశాడు. జమాదారు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆనాడు ఎవరేమన్నారో మాట పొల్లుపోకుండా చెప్పాను.

దరోగా నవ్వాడు. "నర్సమ్మా, మీరు పోరల దగ్గు సూసుకోండ్రి. బల్దియా సంగతి మేం సూసుకుంటం."

"మీరు మీ సంగతి చూసుకోకపోబట్టే కదా, నేను ఇంటింటా దగ్గు చూస్తున్నాను!"

ఆయన నవ్వు ఆగింది. "వాడ మనిషి సెప్పాలె. ఏమమ్మా, నువ్వు ఆడ ఉన్నవట గద?" అని రుక్కమ్మను అడిగాడు.

రుక్కమ్మ నోరు తెరిచింది. సాహుకారి అప్పుడు దూలాల మీది నుంచి చూపు దించి ఆమెను చూశాడు. ఉత్తగా చూశాడంతే. ఆమె మొగుడి మగ్గం మీద ఆ వారం పడుగు ఎక్కాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. భుజం మీది పిల్ల దగ్గింది.

"నాకు యాది లేదు సారూ," అంది రుక్కమ్మ.

"కాముడు దేవుని లెక్క," అన్నాడు సాహుకారి నిమ్మళంగా. "దేవుని నిప్పు ఊరిని కాలుస్తదా? ఎవరో చుట్ట తాగి పారేసి ఉంటరు."

చుట్ట కథ పుట్టింది ఇదిగో, ఇక్కడే. దరోగా ఎల్లమ్మ వైపు తిరిగి తీర్పు చెప్పాడు: "నిప్పు ఎవరిదన్న గానీ, బండి నీది."

నౌకరీ పోయింది. గుడిసె ఖాళీ చేయించారు. దిబ్బ మీద మన్ను పోసి నిప్పు ఆర్పింది కూడా ఎల్లమ్మ తోటి సఫాయివాళ్లే. తట్ట మోసిన కుర్చీ ఒక్కటీ నాకు కనబడలేదు. రుక్కమ్మ పిల్ల బతికింది. మొగుణ్ణి చెయ్యి పట్టి నడిపించుకుంటూ ధర్మసాగర్ దిక్కు తమ్ముడింటికి పోతూ, ఎల్లమ్మ నా దగ్గర ఆగింది.

"నీళ్ల బిందె నేనే మోసుకొస్తి నర్సమ్మా. గదొక్కటి ఎవ్వరికి యాది లేదు," అంది. ఏడవలేదు. పొగాకు ఉమ్మేసి నడిచిపోయింది.

అప్పటినుంచి ఏ ఇంట్లో దగ్గు చూసినా, ఎన్నాళ్లుగా అని అడిగి నేను ఊరుకోను. ఆ పొగ ఎక్కడిది, పెట్టమన్నదెవరు, ఆర్పొద్దన్నదెవరు అని కూడా అడుగుతాను. మందు సంచీతో వచ్చిన మనిషికి ఇవన్నీ ఎందుకని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. పొగ కింద పుట్టి పైకి పోతుంది. నింద పైన పుట్టి కిందికి దిగుతుంది. ఈ రెండూ కలిసే చోట ఎప్పుడూ ఒక ఎల్లమ్మ నిలబడి ఉంటుంది.

రుక్కమ్మను నేను తప్పు పట్టను. ఆమెకు నూలు భయం. జమాదారుకు దరోగా భయం, దరోగాకు పెద్దసాబు భయం. మరి నూలూ నౌకరీ ఎవరి దగ్గరా చెయ్యి చాచి అడగనక్కర్లేని వీరేశం, "నీళ్లు పోయొద్దన్నది నేనే" అన్న ఒక్క మాట అనడానికి ఎవరికి భయపడ్డట్టు?