బాపుతోనే నడుస్తానంది

2023 జనవరి. కోరుట్ల బస్టాండు వెనక సందులో నా డెకరేషన్ దుకాణం. పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. మెట్టినిల్లు కోరుట్ల. మా ఆయన పోయాక మొదట పెళ్ళికూతుళ్ళకు పూలజడలు అల్లాను, తరువాత పందిళ్ళు వేశాను, తరువాత స్టేజీలు. జగిత్యాల జిల్లాలో ఏ ఫంక్షన్ హాలు గుమ్మం ఎంత వెడల్పో కళ్ళు మూసుకుని చెప్పగలను. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరని సామెత. మేము మోసేవాళ్ళం. పెళ్ళి మొదలయ్యేసరికి మేము కనబడకూడదు. జనమంతా వెళ్ళాక మిగిలిన అన్నం తిని, కట్టిన పూలన్నీ ఊడదీసుకోవాలి. ఇంటికి వస్తే తాళం నేనే తీసుకోవాలి, లైటు నేనే వేసుకోవాలి. ఇతరుల పెళ్ళిళ్ళు ఎంత వైభవంగా చేస్తే నా ఇల్లు అంత బోసిగా అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

‘ఇంగ్లిష్ వెడ్డింగ్’ అనే మాట మా వైపు అప్పుడప్పుడే వినబడుతోంది. పిల్లలు ఫోనులో బొమ్మ చూపించి "గిట్లనే కావాలె అక్కా" అనేవారు. పచ్చిక మీద రెండు వైపులా తెల్ల కుర్చీలు, వాటి నడుమ పెళ్ళికూతురు నడిచి వచ్చే దారి. దాన్ని ఐల్ అంటారు. ఆ దారి చివర పూల ఆర్చి. అందులో పూలు దట్టంగా ఉండవు. తోటలో కొమ్మలు ఎలా వంగుతాయో అలా ఒక పక్కకు జారి, ఇంకో పక్కకు పాకి ఉంటాయి. దీన్ని మేము గార్డెన్ స్టయిల్ అంటాం. ఇది మన జనానికి బొత్తిగా నచ్చని పద్ధతి. మనకు బంతిపూలు వేలు దూరనంత దట్టంగా కట్టాలి. నడుమ కాస్త ఖాళీ కనిపించిందా, పూలు ఎగ్గొట్టారని మొహం మీదే అనేస్తారు.

దానియేలు మాత్రం ఫోను తీయలేదు. కొడిమ్యాల దగ్గరి పల్లె ఆయనది. యాభై దాటిన మనిషి, పొట్టివాడు, మెడంతా ఎండకు కమిలి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా మస్కట్‌లో ఒక ఇంగ్లండు దొర బంగళాలో తోటపని చేసి, కొన్ని నెలల కిందటే పూర్తిగా తిరిగి వచ్చాడు. దుకాణంలో స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో గాలిలోనే ఆర్చి గీసి చూపించాడు.

"నా బిడ్డ లగ్గం చెల్లె. షారోను దాని పేరు. పూలు గుంజకు కట్టినట్టు ఉండద్దు. భూమిలకెల్లి మొలిచినట్టు ఉండాలె."

"ఏం పూలన్నా?"

"గులాబీలు. గా డచ్ గులాబీలు కాదు. గవి సిపాయిల లెక్క నిలబడ్తయి."

నాకు నవ్వొచ్చింది. హైదరాబాద్ మార్కెట్ నుంచి అట్టలో చుట్టి, మొగ్గలకు జాలీ టోపీలు తొడిగి వచ్చే పొడుగు కాడల గులాబీలవి. మేము వాడేవన్నీ అవే. రెండు రోజులైనా చెక్కుచెదరవు, వాసన మాత్రం ఉండదు. దానియేలుకు కావలసినవి రేకులు రేకులుగా విచ్చుకునే పన్నీరు గులాబీలు. కోసిన పూటకే వాడిపోయే రకం. కష్టమన్నాను. తెలుసన్నాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అక్కడి దొర తన కూతురి పెళ్ళి ఆ బంగళా తోటలోనే చేశాడట. "దొర బిడ్డ చెయ్యి పట్టుకొని నా పూల నడుమకెల్లే నడిచిండు. నేను నీళ్ళ పైపు పట్టుకొని గోడకు నిలబడి చూసిన. నా బిడ్డ పెండ్లికి నేను గట్ల నడవాలె అనుకున్న. నాకు గదొక్కటే ఆశ ఉన్నది చెల్లె. మిగిలినయన్ని మీ ఇష్టం."

"బిడ్డను అడిగినవా అన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. షారోను నడక నేర్చేనాటికే తల్లి చనిపోయింది. దానియేలు తమ్ముడు ఇమ్మానుయేలు, ఆయన భార్య కలిసి ఆ పిల్లను పెంచారు. దానియేలు రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద వచ్చి పోయేవాడు. "నేను ఇంట్ల అడుగు పెడితే లేచి నిలబడ్తది. చుట్టం వచ్చినట్టు ఛాయ్ తెస్తది. నేను అడిగితే కాదనలేక ఊ అంటది. నువ్వు అడుగు. నీకైతే మనసుల ఉన్నది చెప్తది."

పెళ్ళికి వాళ్ళ ఊరి పక్క మామిడి తోట మాట్లాడారు. పాస్టరుగారు అక్కడికే వచ్చి ప్రార్థన చేసి పెళ్ళి జరిపించడానికి ఒప్పుకున్నారు. జనవరి కాబట్టి చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. సిరిసిల్ల నుంచి తెల్లగుడ్డ తెప్పించాను. ఆర్చికి ఇనుప పైపులు వంచి, కోళ్ళగూళ్ళకు వాడే జాలీ చుట్టి, దాంట్లో తడి నాచు కూరించాను. దానియేలు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి ఎవరి పెరట్లో పన్నీరు గులాబీ ఉందో, ఎవరి కంచె మీద తీగ గులాబీ ఉందో చూసి, బతిమాలి ఒప్పించుకొచ్చాడు. పూలను కోయగానే కాడ ఏటవాలుగా కత్తిరించి మెడ దాకా నీళ్ళలో ఉంచడాన్ని కండిషనింగ్ అంటారు. హడావుడిలో మేము చాలాసార్లు ఎగవేసే పని అది. ఆయనతో ఎగవేయడం కుదరలేదు.

ఆ వారంలోనే జగిత్యాల వెళ్ళి షారోనును కలిశాను. ఒక ప్రైవేటు బడిలో టీచరు. పిల్లల అన్నం గంట మోగాక వరండాలో నిలబడి మాట్లాడింది. నెమ్మదైన పిల్ల.

"పూలు ఆయన ఇష్టం ఆంటీ. ఆయనకు తెలిసినంత నాకు తెల్వది."

"మంచిగున్నది బిడ్డా. మరి నీ చెయ్యి పట్టుకొని ఎవరు తీస్కస్తరు?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బాపు. ఇంకెవరు తీస్కస్తరు? అందరి ముందట నడువుమంటే సిగ్గుపడ్తడు గని, నేను చెప్తే వస్తడు."

మా సిరిసిల్లలో తండ్రిని బాపు అంటాం. నేనూ మా నాన్నను అలాగే పిలిచాను. ఇక అడగడానికేముంది? బస్సులో కిటికీ పక్కన కూర్చుని కోరుట్ల దాకా నాలో నేనే నవ్వుకున్నాను. ఒకరి కోరిక తీరుతుందని చెప్పే అవకాశం మా పనిలో ఎప్పుడో గాని రాదు.

మరునాడు తోటకు వెళ్ళేసరికి దానియేలు చెట్టు కింద కూర్చుని ముందే తెచ్చిన తీగ కాడలకు ముళ్ళు గీకుతున్నాడు.

"అన్నా, నీ కోరిక తీరింది. నేను నోరు తెరవంగనే చెప్పింది. బాపుతోనే నడుస్తదట."

ఆయన చేతిలో కత్తి ఆగింది. "బాపు అన్నదా?"

"అవునన్నా. ఇంకెవరు తీస్కస్తరని నన్నే ఎదురు అడిగింది."

చేతిలోని కాడను బకెట్లో పెట్టాడు. లేచి బోరు దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. సంతోషం పట్టలేక అనుకున్నాను. మనసులో ఆ పిల్లను దీవించాను కూడా. తిరిగి వచ్చి నా మొహం చూడకుండా ఆర్చి వైపు చూస్తూ అన్నాడు, "చెల్లె, దీన్ని ఇంకో జానెడు ఎత్తు చేపియ్యి."

"నీకు గింత చాలదా అన్నా?"

"చేపియ్యి."

పొట్టి మనిషికి ఇంత ఎత్తు ఆశ ఏమిటా అని లోపలే నవ్వుకుంటూ పైపులు లేపించాను.

పెళ్ళి రోజు పొద్దున ఆ తోటను చూసి నా పనిని నేనే నమ్మలేకపోయాను. దారికి రెండు వైపులా గులాబీలు నిజంగా మొలిచినట్టే ఉన్నాయి. ఆర్చి మీద తీగ ఒక వైపు నేల దాకా జారింది. వచ్చిన ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చోకుండా పూలను ముట్టుకుని నిజమైనవా కాదా అని చూస్తున్నారు. దానియేలు మాత్రం ఇంకా లుంగీలోనే ఉన్నాడు. చేతిలో నీళ్ళు చల్లే డబ్బా.

"పోయి తయారుగా అన్నా. కారు వచ్చె యాళ్ళయింది."

"పోత. గీ కొమ్మ ఒక్కటి."

కారు వచ్చింది. తెల్లచీర, తల మీద సన్నని ముసుగు, చేతిలో పూలగుత్తితో షారోను దిగింది. అటువైపు నుంచి ఒక పొడుగాటి మనిషి దిగాడు. కొత్త కోటు, మెడ బిగిసిపోయి ఉంది. ఇద్దరూ దారి మొదట్లో నిలబడ్డారు. ఆ పిల్ల ఆయన చేతిలో చెయ్యి వేసి నవ్వుతూ అంది, "బాపు, జర మెల్లగ నడువు. నా చీర తొక్కుతవు."

ఆ మనిషి ఇమ్మానుయేలు, ఆ పిల్లను పెంచిన బాబాయి. ఆయన ఎత్తు చూశాక ఆ జానెడు ఎవరి కోసమో నాకు తెలిసింది.

పాట ఇంకా మొదలు కాలేదు. ఆర్చి వెనక్కి పరుగెత్తాను. దానియేలు అక్కడ బకెట్ల మధ్య కూర్చుని ఉన్నాడు. అప్పటికి ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"అన్నా, నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలె? నువ్వు తప్పు చెప్పలేదు గద. అది బాపు అన్నది. మా ఇంట్ల బాపు అంటే వాడే. నన్ను డాడీ అంటది."

"నేను పోయి షారోనుతోని ఒక్క మాట..."

"వద్దు చెల్లె." గొంతు పెంచలేదు. "చెప్తే నా దిక్కు వస్తది. మంచి పిల్ల. మా తమ్ముడు గూడ కోటు ఇప్పేసి పక్కకు జరుగుతడు. ఇద్దరు నా కోసం చేస్తరు. నా కోసం చేసుడెందుకు? దానికి జరం వస్తే ఎత్తుకొని దవాఖానకు ఉరికినోడు వాడు. నేను ఫోన్ల అడిగిన, తగ్గిందా అని. నడక నేర్పినోడే నడిపియ్యాలె."

అంత సరిగ్గా మాట్లాడిన మనిషిని ఎలా ఓదార్చాలి? ఏదైనా అన్యాయం జరిగి ఉంటే ఎవరినైనా తిట్టేదాన్ని. తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

పాట మొదలైంది. బాబాయి, బిడ్డ నడిచి వచ్చారు. ఇమ్మానుయేలు కోటు చేతితో కళ్ళు తుడుచుకుంటూనే నడిచాడు. షారోను ఆయన్ను చూసి నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. వాళ్ళు ఆర్చి దగ్గరికి రాకముందే దానియేలు వెనక నుంచి చెయ్యి పెట్టి, వేలాడుతున్న ఒక వాడిన పువ్వును తెంపి తీసేశాడు. ఇమ్మానుయేలు తల పూలకు తగలకుండా లోపలికి వచ్చింది. ఆ దారిలో నడవాల్సిన మనిషి ఆ దారికి వెనక, చేతిలో వాడిన పువ్వుతో నిలబడ్డాడు. చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

ప్రార్థన అయ్యాక ఫొటోలు మొదలయ్యాయి. "అన్నా, రా" అని తమ్ముడే పిలిచాడు. దానియేలు వెళ్ళి చివర నిలబడ్డాడు. చేతిలో కత్తెర ఉందని ఫొటోగ్రాఫరు చెప్పేదాకా చూసుకోలేదు. కాసేపటికి షారోను మేమిద్దరం ఉన్నచోటికి వచ్చింది. "పూలు మస్తున్నయి. థాంక్స్ డాడీ" అంది. అదే ఊపులో నా వైపు తిరిగి "థాంక్స్ ఆంటీ" అంది.

మన ఇళ్ళల్లో కన్నతండ్రికి ఎవరూ థాంక్స్ చెప్పరు. బయటివాళ్ళకు చెబుతాం. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. అందుకే నాకు మరీ నొప్పిగా అనిపించింది. ఆమె లెక్కలో మేమిద్దరం డెకరేషన్ వాళ్ళమే. దానియేలు "మంచిది బిడ్డా" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

జనం వెళ్ళాక పూలు ఊడదీసే ముందు ఇద్దరం విస్తర్లు వేసుకుని కూర్చున్నాం. బగారన్నం చల్లారిపోయింది. చుట్టూ ఖాళీ కుర్చీలు.

"రోజు గిట్లనే తింటవా చెల్లె, అందరు పోయినంక?"

"గిట్లనే అన్నా."

"నేను గూడ గట్లనే తిన్న, ఆడ మస్కట్ల" అన్నాడు. తిన్నాక ఇద్దరం లేచి పూలు ఊడదీయడం మొదలుపెట్టాం.

ఈ పని నాకు పూల గురించి చాలా నేర్పింది. మనుషుల గురించి ఆ పెళ్ళి ఒక్కటే ఒక సంగతి నేర్పింది. వరస చెప్తే సరిపోదు, పేరు అడగాలి. ఇప్పుడు ఏ పిల్ల పెళ్ళి మాట్లాడినా, "నన్ను మా బాపు తీస్కస్తడు" అనగానే "బాపు అంటే ఎవరు బిడ్డా, పేరు చెప్పు" అంటాను. చాలామంది నవ్వుతారు, గిదేం ప్రశ్న ఆంటీ అంటారు. గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎక్కువున్న కోరుట్ల, రాయికల్ వైపు కొందరు మాత్రం నవ్వరు. ఒక పేరు చెబుతారు. తరువాత గొంతు తగ్గించి, దుబాయి నుంచో మస్కట్ నుంచో వస్తున్న ఇంకొకరి పేరు చెబుతారు. ఆ రెండో పేరుకు నేను ముందు వరసలో ఒక కుర్చీ వేయిస్తాను. పెళ్ళి మొదలయ్యే వేళకు ఆ కుర్చీ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఆ మనిషి వంటలవాళ్ళ దగ్గరో జనరేటర్ దగ్గరో, ఏదో పని ఉన్నట్టు నిలబడి ఉంటాడు. వెతికి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడతాను. అదీ డెకరేషన్ పనే అని ఇప్పుడు నా లెక్క.