వెనక సీటులో డాక్టరమ్మ

డాక్టర్ కృపావతి గారు ఇక లేరు! శనివారం పొద్దున్నే మిత్రుడు దేవదానం ఫోన్ చేసి, "రేపు డాక్టరమ్మని పికప్ చేసుకోనక్కర్లేదు, ఆనందరావ్" అన్నాడు. ఆవిడ ఇంకెవరి కార్‌లోనో వస్తున్నారనుకుని, "పోనీలే, ఒక వారం నాకు సెలవు" అని నవ్వాను. అవతల ఏడుపు వినిపించింది. నిద్రలోనే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారట.

డిట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఆవిడ పరిచయం అక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతాను. గుంటూరులో పుట్టి, డిట్రాయిట్ ఆసుపత్రిలో నరాలకూ కండరాలకూ వైద్యం చేసి అశేష ప్రఖ్యాతి గడించిన విదుషీమణి. పొట్టి మనిషి, గట్టి గొంతు, వానలేని రోజున కూడా చేతిలో నల్ల గొడుగు. ప్రపంచానికి కార్లు చేసిపెట్టే ఊళ్ళో ఉంటూ కారు నడపని డాక్టరు ఆవిడొక్కరే! ఆదివారం ఆరాధనకూ, పెళ్ళిళ్ళకూ, ఇండియన్ స్టోర్‌కూ మేమే వంతులేసుకుని తీసుకువెళ్ళేవాళ్ళం. ముందు సీటు చూపిస్తే ససేమిరా అనేవారు. వెనక సీటులో కుడిపక్కన మహారాణిలా ఆసీనులయ్యేవారు.

"అమెరికాలో సిటీ మనిషిని పరిగెత్తిస్తుందంటారు, శుద్ధ అబద్ధం! కూర్చోబెడుతుంది. కూర్చోబెట్టి నరం నొక్కుతుంది" అనేది ఆవిడ నిత్యపారాయణం.

దేవదానం కథ వినండి. పిరుదు నుంచి మడమ దాకా కుడికాలు తిమ్మిరి. పరుపు మార్చాడు, బూట్లు మార్చాడు, ఉపవాస ప్రార్థన కూడా చేశాడు. ఒక ఆదివారం డాక్టరమ్మ వెనకనుంచి, "ఎడంపక్కకి ఒరిగి కూర్చున్నావేమయ్యా?" అన్నారు.

"లేదండీ, స్ట్రెయిట్‌గానే డ్రైవ్ చేస్తున్నా."

"కారు పక్కకి ఆపు. దిగు."

దిగాక వాడి వెనక జేబులోంచి పర్సు లాగించారు. పర్సా అది, ఇటుక! పిల్లల ఫోటోలు, కూపన్లు, ఎన్నడో చిరునామా మారిపోయినవాళ్ళ కార్డులు. "ఈ లగేజీ మీద కూర్చుని రోజూ ఆఫీస్‌కి వెళ్తే నరం ఏం చేస్తుంది, స్తోత్రం చేస్తుందా?" పర్సు ముందు జేబులోకి మారింది, కొన్ని వారాల్లో కాలు దారికొచ్చింది. వాడి భార్య సుశీల పగలబడి నవ్వింది. మరుసటి ఆదివారం ఆమె మెడకూ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి దోసెలు పోస్తుంటే డాక్టరమ్మ వంటింట్లోకే వచ్చి రిసీవర్ లాక్కున్నారు. చెయ్యి జివ్వుమంటోందని సుశీల మహాతల్లి అంతవరకూ గిన్నెలు తోమడాన్ని తిట్టుకునేది!

ఇక నా సంగతి. నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిన్న ఆ చేతితోనే ఇక్కడ కార్ల డ్రాయింగులు గీసి బతుకుతున్నాను. జపాన్ కార్లు వచ్చిపడి వారం వారం లేఆఫ్‌లు జరుగుతున్న రోజులవి. సరిగ్గా అప్పుడే చిటికెనవేలూ ఉంగరపువేలూ మొద్దుబారాయి. పెన్సిల్ జారుతోంది, గీత వణుకుతోంది. బాస్ నా బోర్డు దగ్గర ఆగి చూసిపోతున్నాడు. జాబ్ పోతే గ్రీన్ కార్డ్ గల్లంతు. ఒక సర్జన్ ఆపరేషన్ అన్నాడు. డాక్టరమ్మ సూదులతో టెస్ట్ చేసి, "మోచేతి దగ్గర నరం నలుగుతోంది. దేనిమీదైనా ఆనిస్తావా?" అని అడిగారు. లేదని ప్రమాణపూర్వకంగా చెప్పాను.

"సరే. ఈ వారం నుంచి నీ కార్‌లోనే వస్తా" అన్నారు.

జూలై ఎండ. కిటికీ అద్దం దించుకుని హాయిగా పోతున్నాను. హైవే ఎగ్జిట్ దగ్గర సిగ్నల్ వేద్దామంటే ఎడమచేతి వేళ్ళకు స్టీరింగ్ పక్కనుండే సిగ్నల్ పుల్ల తగిలిందో లేదో తెలియలేదు. వెనక లారీ హారన్ మోగించింది. ఎలాగో పక్కకు తీసి ఆపాను. "అవతలికి జరుగు" అంటూ డాక్టరమ్మ దిగివచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కారు కదిలింది. కదలడమా, దూసుకుపోయింది! అద్దంలో చూడటం, లేన్ మార్చడం, అబ్బ, ఎంత అలవోకగా!

"మీకు డ్రైవింగ్ వచ్చా!"

"నా సంగతి తర్వాత. నీ కుడి మోచెయ్యి ఎక్కడుందో చూసుకో, తమ్ముడూ."

చూసుకున్నాను. కిటికీ అంచు మీద ఉంది! నడిపేటప్పుడు రోజూ ఎడమ మోచెయ్యి ఆనేదీ కిటికీ మీదే; పక్క సీటులోకి మారీ మారగానే ఈ చెయ్యి కూడా తన చోటు వెతుక్కుంది. "ఈ చేతికి కూడా మొద్దుబారాలని తొందరొచ్చిందా?" అని ఆవిడ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను.

"క్లినిక్‌లో అడిగితే అందరూ బుద్ధిమంతులే. ఎవడి అలవాటు వాడికి కనపడదు, వెనక కూర్చున్నవాళ్ళకి కనపడుతుంది. నాకు డ్రైవింగ్ వచ్చని తెలిస్తే ఇంకెవరు ఎక్కించుకుంటారు? ఎవరికైనా చెప్పావో, ఆ రెండో చేతికి కూడా సూదులు గుచ్చుతా!"

అప్పటినుంచి నా మోచెయ్యి కిటికీ వైపు కదిలితే వెనకనుంచి గొడుగు కొన టక్కున తగిలేది. డ్రాయింగ్ బోర్డు అంచుకు దిండు కట్టించారు, రాత్రిళ్ళు చేతికి టవల్ చుట్టించారు. "అందరికీ ఇలా నయం కాదు, కొందరికి కత్తి తప్పదు" అని హెచ్చరించారు కూడా. మంచు పడే నాటికి నా గీత నిలబడింది. ఉద్యోగమూ నిలబడింది.

సమాధి కార్యక్రమం అయ్యాక భోజనాల దగ్గర సుశీల కళ్ళు తుడుచుకుంటూ, "పాపం, డ్రైవింగ్ రాక ఎన్ని తిప్పలు పడ్డారో" అంది. ఇక నావల్ల కాలేదు.

"డాక్టరమ్మకి డ్రైవింగ్ వచ్చు. మనందరికంటే బాగా వచ్చు" అన్నాను.

దేవదానం చెయ్యి మెల్లగా తన ఖాళీ వెనక జేబు మీదికి వెళ్ళింది. సుశీల నావైపు చూసి, "అయితే మనం ఆవిడకి రైడ్ ఇవ్వలేదన్నమాట" అని భోరుమంది.

అమ్మా, మీ మాట జవదాటాను, మన్నించండి. మిమ్మల్ని మోసుకు తిరిగామని గొప్పలు చెప్పుకున్నవాళ్ళందరికీ ఈ నిజం తెలియాలి. వైద్యులు చాలామంది వస్తారు. మా ఇరుకు కార్లలో కూర్చుని మమ్మల్ని చదివే కళ్ళు ఇక రావు. మీ పాదాలకు నా రెండు చేతులా నమస్కారం.

నిన్న ఆదివారం ఒక్కణ్ణే చర్చికి వెళ్ళాను. ఎర్ర లైటు దగ్గర ఆగి, కావాలనే మోచెయ్యి కిటికీ మీద పెట్టాను. లైటు పచ్చబడేదాకా అలాగే ఉంచాను. వెనకనుంచి గొడుగు రాలేదు.