కొత్త అరికెల గట్క

డెబ్బైల్లో మాట. పెళ్లయి రెండో ఏడు, హసన్‌పర్తి దగ్గర మా అత్తగారి ఊళ్లో ఉన్నాను. వారంపాటు పట్టిన ముసురు అప్పుడే వెలిసింది. ఆడబిడ్డ కాన్పుకని అత్త నెక్కొండ పోయింది, నా పెనిమిటి పని మీద పట్నంలో ఉన్నాడు. ఇంట్లో మామా, నేనే.

చెరువు కింద గట్ల మీద అరికె గడ్డి గింజపట్టి వాలి ఉంది. ఎవరూ విత్తరు, దానంతటదే మొలుస్తుంది. ఊరికే పోవడమెందుకని శనివారం ఆ తడి గింజలు చాటలోకి దూసుకొచ్చి, పెంక మీద వేడి చేసి దంచాను. ఆదివారం పొద్దున ఆ నూకతో చిక్కటి జావలా గట్క కాచి మామకు పెట్టాను. "మంచిగున్నది బిడ్డా" అని మళ్లీ పెట్టించుకున్నాడు. నాకు మిగల్లేదు, అడుగంటింది కోళ్లకు వేశాను.

మామ మా చర్చికి సంఘ పెద్ద. కల్లు మానమని ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. ఆ రోజు వాక్యం చదవడానికి లేచాడు. చేతుల్లో పుస్తకం వణికింది, నాలుక మడతపడింది. రెండడుగులు పక్కకు తూలి కూలబడ్డాడు.

"మనకు వద్దని చెప్పి, తను పొద్దుగాల్నే ఏసుకొచ్చిండు!" అన్నాడు వెనకనుంచి ఒకాయన. జనం నవ్వారు. ఆయన లేచొచ్చి, వంగి మామ నోరు వాసన చూశాడు. మామకు మాట రాలేదు, కండ్ల నీళ్లు మాత్రం కారాయి.

పక్కనున్న అవ్వ నా చెయ్యి గుంజింది. "ఏం పెట్టినవే పొద్దుగాల?"

"అరికెల గట్క, అవ్వా. నిన్న దూసుకొచ్చినయి."

అవ్వ నెత్తి కొట్టుకుంది. "నీ చేతులిరగ! ముసురుల నానిన అరికెలు మత్తెక్కుతయే! ఎండబెట్టి, కుండల నెలలు ఉంచందే మీ అత్త ముట్టనియ్యదు."

మా పుట్టింట్లో జొన్నలే. నాకేం తెలుసు! ఆడవాళ్ల మధ్యనుంచి లేచి నిలబడ్డాను. మగవాళ్ల ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"మామ తాగలే. నేను పెట్టిన గట్కనే అది!"

"వాసన రాకుంటే ఏంది, కోడలు మంచిగనే కప్పిపెడ్తాంది" అన్నాడు వాసన చూసినాయన.

"కోళ్లకు గూడ ఏసిన. వచ్చి చూడుండ్రి!"

చర్చి సగం మా వాకిట్లోకి వచ్చింది. పుంజు తల నేలకానించి పక్కకు పక్కకు నడుస్తోంది. పెట్టలు రెండు కాళ్లు చాపి పడున్నాయి. ఎవరూ నవ్వలేదు. వాసన చూసినాయన గిరుక్కున తిరిగి చర్చికి పోయి, మామను వీపున ఎత్తుకొని, బజారు మీదుగా అందరూ చూస్తుండగా తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు.

సాయంత్రానికి మామకు మాట వచ్చింది. నన్ను తిడతాడని తల వంచుకున్నాను.

"తాగలేదని అందరికి ఎరుకైందా బిడ్డా?" అని అడిగాడు.