మీటరుకు స్నానం

ఉస్తాద్ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మా బిల్డింగ్ టెర్రస్ మీద ఉన్నాను. వేడినీళ్ల పంపు ఆపి, అందులో చెత్త ఆపే జాలీ విప్పి కడుగుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు.

"నాయిన పోయిండన్నా. పొద్దుగాల చాయ్ తాగిండు, కూసున్నకాడనే ఒరిగిండు. మజ్జాన్నం తీస్కపోతం. వస్తవా?"

వస్తానన్నాను. జాలీ బిగించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, బండి మీద మియాపూర్ బయలుదేరాను.

మా హైదరాబాద్‌లో చేతిపని నేర్పినవాణ్ణి ఉస్తాద్ అంటారు. ఆయన జీడిమెట్లలో ఒక రసాయనాల కంపెనీలో చాలా ఏళ్లు బాయిలర్ చూసి, తరువాత మా బిల్డింగ్‌కు వచ్చాడు. రాయదుర్గం ఆఫీసు టవర్ల వెనుక, సామాన్లతో సహా కిరాయికిచ్చే ఫ్లాట్లు మావి. ఉండేవాళ్లంతా కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లు. నేను మెదక్ వైపు పల్లె నుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాను. ఆయన దాన్ని చూసి, "మంచిగున్నది. మడతవెట్టి లోపల వెట్టు, చెమట తగుల్తది" అన్నాడు.

మా వేడినీళ్ల పద్ధతి ఆయన చెప్పినట్టే మీకూ చెబుతాను. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను వేడినీళ్ల చెంబులో పెడతాం కదా. ఆ నీళ్లు నూనెను తాకవు, కానీ నూనె కరుగుతుంది. ఇదీ అంతే. బాయిలర్‌లో కాగిన నీళ్లు ఒక గొట్టపు చుట్టలో తిరుగుతాయి. ఆ చుట్ట పెద్ద ట్యాంకులో మునిగి ఉంటుంది. స్నానాల నీళ్లు ఆ ట్యాంకులో కాగుతాయి. ట్యాంకులోకి గుచ్చిన సన్నని సెన్సర్ ఒకటి నీళ్ల వేడి ఎంతో థర్మోస్టాట్‌కు చెబుతుంది. తక్కువైతే ఆ చుట్టలో నీళ్లు తిప్పే పంపు నడుస్తుంది, చాలితే ఆగుతుంది.

ఒక చలికాలం ఆ సెన్సర్ చెడిపోయింది. థర్మోస్టాట్ మీటరు మీద అంకెలు ఒకసారి ఎనభై, ఒకసారి ఇరవై. ఉస్తాద్ దాన్ని బయటికి లాగి, తన చాయ్ గ్లాసు కడిగి, అందులో వేడినీళ్లు పోసి, సెన్సర్‌నూ థర్మామీటరునూ పక్కపక్కన ముంచాడు. రెండూ కలవలేదు. "దీని పనైపోయింది" అని కొత్తది తెప్పించాడు. సెన్సర్ ఉండాల్సిన గొట్టం ట్యాంకు నడుముకు కింద ఉంటుంది. అందులో తుప్పు పేరుకుని కొత్త సెన్సర్ సగంలోనే ఆగింది. తుప్పు గీకాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి. పైన ఇంకో గొట్టం ఖాళీగా ఉంది. కాసేపు చూసి, దాంట్లో పెట్టేశాడు.

"పైనైతేంది, కిందైతేంది. ట్యాంకు ఒక్కటే గదా" అన్నాడు. మర్నాటి నుంచి చల్లనీళ్లని ఫిర్యాదులు మొదలయ్యాయి. మీటరు మాత్రం కదలకుండా అరవై చూపించింది. ఉస్తాద్‌కు కోపం వచ్చింది. "గంటలకొద్ది పోసుకుంటరు, మళ్ల చల్లగున్నయంటరు" అని, ఇంటర్‌కమ్‌లో ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పాడు. "మీటరు అరవై ఉన్నదమ్మా. నీళ్లు వేడిగనే ఉన్నయి."

ఒక ఫ్లాట్‌లో బాలింతరాలు ఉండేది. ఆమె తల్లి పురుటికి సాయం కోసం భీమవరం నుంచి వచ్చింది. చంటిపిల్లకు నీళ్లు పోసేది ఆవిడే. ఆవిడకూ ఉస్తాద్ అదే మాట చెప్పాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే ఉన్నాను.

"అలాగాండి," అంది ఆవిడ నెమ్మదిగా. "అయితే పిల్లని పక్కన పెట్టి మీ మీటరుకే స్నానం చేయించమంటారా?"

నాకు నవ్వు వచ్చింది. ఉస్తాద్ నవ్వలేదు. ఫోన్ పెట్టేసి టెర్రస్ ఎక్కాడు. ట్యాంకు మీద చేయి వేసి పైనుంచి కిందికి తడుముతూ వచ్చాడు. మధ్యకు వచ్చేసరికి చేయి ఆగింది. నన్నూ పట్టి చూడమన్నాడు. పైన కాలుతోంది, కింద చల్లగా ఉంది. పైనున్న సెన్సర్ ఆ వేడి చూసి పంపును ముందే ఆపేస్తోంది. వేడి పైకి పోతుందని బాయిలర్ దగ్గర బతికిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"సెన్సర్ అబద్ధం చెప్తలేదు తమ్మీ. అది ఉన్నకాడి ముచ్చటే చెప్తది. తీస్కపోయి ఆడ పెట్టింది నేను."

ఆ రోజు ట్యాంకు ఖాళీ చేసి, తుప్పు గీకి, సెన్సర్‌ను దాని చోట దించాం. సాయంత్రానికి నీళ్లు కాగాయి. పని అయిపోయిందనుకున్నాను. ఆయన ముఖం కడుక్కుని, "నడువ్, ఇండ్లల్ల చెప్పి వద్దాం" అన్నాడు.

బిల్డింగ్ మేనేజర్ అడ్డం పడ్డాడు. "ఏం చెప్తవ్ పెద్దాయనా? యాప్‌లో టెక్నికల్ ఇష్యూ అని మెసేజ్ పెట్టిన. నువ్వు పోయి 'తప్పు నాది' అంటే వాళ్లు నన్ను పట్టుకుంటరు. కాంట్రాక్టర్‌కు తెలిస్తే నిన్ను ఈడ ఉంచడు. ఈ వయసుల ఇంకెవడు పనిస్తడు?"

"గదీ నిజమే" అని ఉస్తాద్ లిఫ్టు ఎక్కాడు.

ప్రతి తలుపు ముందూ వంగి, సేఫ్టీ బూట్ల లేసులు విప్పి, బూట్లు పక్కన పెట్టి బెల్ కొట్టేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అయినా మళ్లీ తొడుక్కుని, లేసులు కట్టుకుని, పక్క తలుపు ముందు మళ్లీ విప్పేవాడు. నేను లిఫ్టు దగ్గరే నిలబడ్డాను. ఆయనతో వచ్చినట్టు కాకుండా, లిఫ్టు కోసం ఆగినట్టు. ఒక కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండానే, "చందానా అంకుల్? మొన్ననే ఇచ్చాం" అని తలుపు వేశాడు. ఉస్తాద్ మళ్లీ బెల్ కొట్టాడు. "చందా కాదు బిడ్డా. నీళ్లు చల్లగొచ్చింది నా తప్పు. మీదే తప్పన్నట్టు మాట్లాడిన." ఆ కుర్రాడు "ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే" అంటూ నా వైపు చూశాడు. నేను లిఫ్టు బటన్ నొక్కాను.

భీమవరం ఆవిడ ఒక్కతే ఆయన్ను కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"పోనీలెండి. పొయ్యి మీద కాచి పోశాను. పిల్లకేం కాలేదు" అంది.

"పిల్లకేం కాలేదమ్మా. మీ మాట నమ్మకపోతిని" అన్నాడు.

దిగేటప్పుడు నా ముఖం చూసి, "సిగ్గయిందా?" అన్నాడు. నేను లిఫ్టు తలుపు వైపు తిరిగాను. "సిగ్గు సబ్బు లెక్క తమ్మీ. కండ్లు మండుతయి. గంతే."

నెల తిరక్కముందే కాంట్రాక్టర్ ఆయన్ను మియాపూర్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటుకు, మోటారు వేసి ఆపే పనికి మార్చాడు. "మంచిగైంది, ఇంటికి దగ్గర" అని పానాలు, పటకార్లు సంచిలో సర్దుకున్నాడు. ఆయన చోట నన్ను పెట్టారు. ఎదురుపడితే ఆయన ఆ సంగతి ఎత్తేవాడు కాదు, పంపు సంగతి అడిగేవాడు. నేనే తల దించుకునేవాణ్ణి.

మియాపూర్‌లో అంత్యక్రియలు అయ్యాక తిరిగి బిల్డింగ్‌కు వచ్చాను. చావుకు వెళ్లి వచ్చి నీళ్లు పోసుకోకుండా దేన్నీ ముట్టకూడదు కనుక, కింద పనివాళ్ల బాత్‌రూమ్‌లోకి పోయి వేడినీళ్ల నల్లా తిప్పాను. చల్లనీళ్లు వచ్చాయి. పైపు చివర కదా, కాసేపటికి వస్తాయని చేయి పెట్టి నిలబడ్డాను. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. జాలీ బిగించాను, పంపు వేయలేదు.

ఆ చల్లనీళ్లే నెత్తిన పోసుకున్నాను. ఒళ్లు సరిగా తుడుచుకోకుండానే టెర్రస్ మీదికి పోయి పంపు వేసి దిగేసరికి మేనేజర్ ఎదురొచ్చాడు.

"పరేషాన్ కాకు. ఫోన్లు చేసినోళ్లందరికీ చెప్పిన, మా టెక్నీషియన్‌కు పని నేర్పిన ఉస్తాద్ చనిపోయిండు, ఈయన ఆడికి పోయిండని. ఎవ్వరు ఒక్క మాట అనలే. పాపం అన్నరు. ఇంటికి పో."

చావు నిజమే. నీళ్లు చల్లబడింది మాత్రం దానివల్ల కాదు. తప్పు తనదని తెలిశాక దానికి ఇంకొకటి అడ్డం పెట్టుకోని మనిషిని, పోయిన రోజే నా తప్పుకు అడ్డం పెట్టారు. నేను ఇంటికి పోయి పడుకుంటే ఆ మాట అలాగే ఉండిపోతుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే నాకు తెలిసిన దారి ఒకటే.

లిఫ్టు ఎక్కాను. పై అంతస్తులో దిగి, మొదటి తలుపు బెల్ కొట్టాను. లోపల ఎవరో "వస్తున్నా" అన్నారు. చెప్పాల్సిన మాట నోట్లో కూడబలుక్కుంటూ కిందికి చూశాను. బూట్లు బాత్‌రూమ్ దగ్గరే మరిచి వచ్చాను. లిఫ్టు నుంచి తలుపు దాకా, నున్నటి బండల మీద, నా తడి పాదాల గుర్తులు వరుసగా ఉన్నాయి.