ప్రతివాదితో ఒకే బస్సు

మా పక్కింటి మామ్మగారు పోయారు. మే నెలలో, కోర్టులకు వేసవి సెలవులు మొదలైన వారంలో. నందిగామలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే అమ్మ ఫోన్ చేసింది. పొద్దున కాఫీ తాగి మళ్ళీ నడుం వాల్చారట, ఇక లేవలేదట. చేతిలో ఉన్న పుస్తకాన్ని దాని చోట పెట్టి జగ్గయ్యపేట బస్సెక్కాను.

పేటలో చాలామందికి ఆవిడ తెలిసే ఉంటారు. గవర్నమెంటు నర్సుగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఒక తరం పిల్లలకు టీకాలు వేశారు. నాకూ వేశారట. రిటైరయ్యాక మా పక్క వాటాలోకి వచ్చారు. భర్త అప్పటికే లేరు. పిల్లలు లేరు. షుగరు వల్ల చూపు మందగించాక, ఒక సాయంత్రం గోడ మీదుగా నన్ను పిలిచి అడిగారు, కాన్వెంటులో చదువుకున్నావుగా, సువార్త కాస్త చదివి పెడతావా అని.

మాది హిందూ కుటుంబం. బడిలో సిస్టర్లు బహుమతిగా ఇచ్చిన బైబిలు కొత్త నిబంధన చిన్న పుస్తకం మా ఇంట్లో ఉండేది. దాన్ని నేను కథల పుస్తకంలాగే చదివాను. భక్తి ఉందని చెప్పుకోలేను. ఆ మాటే మామ్మగారితో అంటే, "నీ భక్తితో నాకేం పని? కళ్ళున్నాయిగా," అన్నారు. నేను గొంతెత్తి చదవలేను. మొదటి రోజు రెండు వాక్యాలు విని, "గట్టిగా చదువమ్మాయ్. దేవుడికి వినపడుతుందిలే, నాకే వినపడటం లేదు," అన్నారు.

అలా రోజూ సాయంత్రం వాళ్ళ వరండాలో ఒక అరగంట. బడిలో ప్రతి ఉపమానానికీ కింద ఒక నీతి ఉండేది. దాన్ని బట్టీ పట్టేవాళ్ళం. మామ్మగారికి నీతులతో పని లేదు. ఆవిడ అద్భుతాలను నర్సులాగే వినేవారు. శిష్యుడి అత్తగారికి జ్వరం వస్తే ప్రభువు చెయ్యి పట్టి లేపాడు, ఆవిడ లేచి అందరికీ వడ్డించింది. మగవాళ్ళు ఆ కాస్తసేపు ఆగలేకపోయారా అని నాకు లోపల కోపం. మామ్మగారు మాత్రం, జ్వరం తగ్గడం గొప్ప కాదు, తగ్గాక నీరసం లేకపోవడమే అద్భుతం అన్నారు. చనిపోయిన చిన్నపిల్లను లేపి, అమ్మానాన్నలతో ముందుగా తినడానికేమైనా పెట్టండని చెప్పిన చోటు ఆవిడకు మరీ ఇష్టం. అంత పని చేసినవాడికి ఆ పిల్ల ఆకలి గుర్తుందే అనేవారు. గుడ్డివాడికి మొదటిసారి మనుషులు నడిచే చెట్లలా కనపడి, రెండోసారి చెయ్యి ఉంచాకే చూపు కుదురుకున్న కథ విని చాలాసేపు నవ్వారు. ఆవిడ కంటి ఆపరేషను అప్పటికి రెండుసార్లు అయింది. ప్రభువుకే రెండుసార్లు పట్టింది, మా డాక్టరు బాబుని ఏమంటాం అన్నారు.

ఒక్క ఉపమానం దగ్గర మాత్రం నవ్వు ఉండేది కాదు. దేవుడికీ మనుషులకీ భయపడని ఒక న్యాయాధిపతి, న్యాయం చెయ్యమని ఆయన చుట్టూ తిరిగే ఒక విధవరాలు. చివరికి ఈవిడ పోరు పడలేక ఆయన తీర్పు ఇస్తాడు. విసుగు చెందక ప్రార్థించాలని దాని నీతి. నేను అది చదివినప్పుడు మామ్మగారు, "ఆ జడ్జిగారికి విసుగు పుట్టిందాకా అక్కడే ఉంచారు. మన జడ్జిగార్లు విసుగు పుట్టేలోపే ట్రాన్స్‌ఫరై పోతున్నారు," అన్నారు.

ఎందుకంటే ఆవిడకూ ఒక కేసుంది. పేట శివార్లలో, క్వారీలకు పోయే దారి పక్కన వాళ్ళ ఉమ్మడి పొలం. అందులో ఒక గట్టు వారన ఆవిడ భర్త సమాధి. తన చోటు ఆయన పక్కనేనని ఆవిడ ఎప్పుడో అనుకున్నారు. ఆయన పోయిన కొన్నేళ్ళకు మరిది పొలం మొత్తం బేరం పెట్టాడు. కొనేవాళ్ళు సమాధి లేని పొలం కావాలన్నారు. అన్న సమాధిని చర్చి వారి సమాధుల తోటకు మారుద్దామన్నాడు మరిది. ఆవిడ నందిగామ కోర్టుకు వెళ్ళారు. కేసు తేలలేదు గానీ ఒక ఆర్డరు వచ్చింది. ఉన్నది ఉన్నట్టే ఉండాలి, తీర్పు వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ అక్కడి మట్టి కదిలించకూడదు. ఆవిడ గెలిచింది అదొక్కటే. నా ఆర్డరు అనేవారు, సొంత నగ గురించి చెప్పినట్టు.

ఆ మరిదిని పెంచింది ఆవిడే. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారు పోతే, చిన్నపిల్లవాణ్ణి చంకన వేసుకుని డ్యూటీకి వెళ్ళేవారట. ఉపమానంలో విధవరాలి ప్రతివాది ఎవరో రాయలేదని ఒకసారి గుర్తు చేశారు. "రాయకపోవడమే మంచిదయింది. వాడికీ ఒక వదిన ఉండుంటుంది," అన్నారు.

కోర్టు వాయిదా ఉన్న రోజుల్లో మేము ముగ్గురం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. నేను ఉద్యోగానికి, వాళ్ళిద్దరూ కేసుకి. పదింటికల్లా కోర్టులో ఉండాలంటే పేట నుంచి ఎనిమిదిన్నర బస్సే వీలు. మామ్మగారు ముందు ఆడవాళ్ళ సీట్లో, ఆయన వెనక. మాటల్లేవు. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు ఆయన జామకాయలు కొని ఒకటి నా చేతికిచ్చేవాడు. నాకెందుకిస్తున్నాడో నాకు తెలుసు. ముక్కలు కోసి మామ్మగారికి పెట్టేదాన్ని. ఎవరిచ్చారని ఆవిడ ఎన్నడూ అడగలేదు, ఉప్పు కారం లేదా అని మాత్రం అడిగేవారు.

నందిగామలో బస్సు దిగాక ఆయన నాలుగడుగులు ముందు నడిచేవాడు, మరీ మెల్లగా. ఆవిడకు ఎదుటి మనిషి మొహం ఆనకపోయినా తెల్ల చొక్కా ఆనేది. ఆ చొక్కానే గురిగా పెట్టుకుని లారీల మధ్య రోడ్డు దాటేవారు. నేను తోడొస్తానంటే వద్దని, "కేసు వాడి మీద, నడక వాడి వెనక. నాకలా అలవాటైపోయింది," అనేవారు.

ఈ మార్చిలో, కొండ మీద ప్రభువు చెప్పిన మాటలు చదువుతున్నాం. ప్రతివాదితో కలిసి న్యాయస్థానానికి పోతుంటే, దారిలో ఉండగానే అతనితో త్వరగా సమాధానపడమని అందులో ఒక మాట ఉంది. చదివాక నాకే వింతగా అనిపించి ఆగిపోయాను. ప్రతివాదితో ఒకే దారిన వెళ్ళడం బళ్ళో మాకెవరికీ అర్థం కాలేదు. కోర్టుకు ఎవరి బండి మీద వాళ్ళు వెళ్తారనుకునేదాన్ని.

"కావాలని తీశావా?" అన్నారు మామ్మగారు.

"లేదండి. వరసలోనే వచ్చింది."

"ఎవరు ముందు మాట్లాడాలో రాసుందా?"

చూశాను. "రాయలేదండి."

"అయితే వాడే," అన్నారు. ఆ పూటకు ఇంక చదవనివ్వలేదు.

ఏప్రిల్ వాయిదా రోజున మరిది వెనక సీట్లో కూర్చోలేదు. మామ్మగారి పక్కన ఖాళీ అయ్యేదాకా నిలబడి, అయ్యాక కూర్చున్నాడు. నేను వాళ్ళ వెనకే ఉన్నాను. ఆయన ముందు అద్దం వైపు చూస్తూ మాట్లాడాడు.

"వదినా, ఇంక నావల్ల కాదు. ఆ గట్టు వరకు వదిలేస్తా. అన్న పక్కన నీకు చోటుంటది. రాజీ రాసుకుందాం."

మామ్మగారి మెడ నిటారుగా అయింది. తర్వాత, "వచ్చే వాయిదాకి చూద్దాంలే," అన్నారు.

ఆయన లేచి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వరండాలో ఆవిడ ఎంత హుషారుగా ఉన్నారో. నన్ను ఏమీ చదవమనలేదు. ఇన్నేళ్ళూ నన్ను తిప్పాడు, ఒక్క వాయిదా నేనిస్తే వాడి సొమ్మేం పోయిందన్నారు. సెలవులయ్యాక సరేనంటానన్నారు. పక్కన పక్కనే రెండు చోట్లుంటాయి, నడుమ ఒక మొక్క నాటమని చెప్తానన్నారు. ఏ మొక్కో తేల్చుకోలేకపోయారు. కనకాంబరానికి నీళ్ళు ఎవరు పోస్తారు, వేపకైతే ఎవరూ పొయ్యక్కర్లేదు. అలా చాలాసేపు. వాయిదాలను అంతగా తిట్టుకున్న మనిషి తానిచ్చిన వాయిదాను చూసుకుని అంత మురిసిపోవడం నాకు ముచ్చటగానే అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఆవిడ పోయిన రోజు నేను నందిగామ నుంచి చేరేసరికి వాళ్ళ వాకిట్లో కుర్చీలు వేశారు. మరిది అందరికంటే ముందు వచ్చి, పొలంలో అన్న పక్కనే గొయ్యి తీయిద్దామని మనుషుల్ని కూడా పిలిపించాడు. నా కేసే కదా, నాకే అభ్యంతరం లేదు, ఇంకెవరికుంటుందని ఆయన వాదన. ఆయన వకీలుగారు ఫోన్లో వద్దన్నారు. మామ్మగారి వకీలుగారూ అదే అన్నారు. ఆర్డరు ఇద్దరి మీదా ఉంది, కోర్టు తెరిచేదాకా దాన్ని మార్చేవాళ్ళు లేరు, మట్టి కదిలిస్తే ధిక్కారమవుతుంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యరుగా అని ఆయన బతిమాలాడు. పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు. అమ్మగారు తెచ్చుకున్న ఆర్డరును అమ్మగారితోనే దాటించలేం అన్నారు.

ఎండలు మండుతున్నాయి. ఉంచే వీలు లేదు. సాయంత్రం చర్చి వారి సమాధుల తోటలో, గేటు దగ్గరి వరసలో పెట్టారు. ఆవిడకు ఒక పక్క ఎవరో నాకు తెలియని పేరు, ఇంకో పక్క ప్రహరీ గోడ. పాటలయ్యాక అందరూ తలా పిడికెడు మట్టి వేసి వెళ్ళిపోయారు. మరిది మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళబోతుంటే పిలిచాడు. అన్నేళ్ళ జామకాయల్లో ఆయన నాతో మాట్లాడింది అదే మొదలు.

"రోజూ చదివి పెట్టేదానివంటగా. నా గురించి ఏమన్నా అన్నదా అమ్మా?"

"సరేనంటానన్నారండి. రాజీకి."

"ఎప్పుడు అన్నది?"

"ఆ రోజు సాయంత్రమేనండి. సెలవులయ్యాక మీతో చెప్తానన్నారు."

ఆయన కొంచెంసేపు ఆ కొత్త మట్టి వైపు చూశాడు. "బస్సులోనే అంటే సరిపోయేదిగా," అన్నాడు. తిట్టినట్టు కాదు. ఇంట్లో మనిషి గొడుగు మర్చిపోయి వెళ్తే అన్నట్టు.

అప్పట్నుంచి సువార్త తెరిస్తే నా కన్ను ఆ మాట దగ్గరికే పోతోంది. అందులో త్వరగా అని ఉంది. మేమిద్దరం ఎవరు ముందు మాట్లాడాలని వెతికాం గానీ ఆ మాటను పట్టించుకోలేదు. ఆ దారి పేట నుంచి నందిగామ దాకానే కదా, మళ్ళీ మళ్ళీ వెళ్తూనే ఉంటాం కదా అనుకున్నాం. నాకిప్పటికీ పెద్ద విశ్వాసమేమీ లేదు. ఆ మాట చెప్పిన ఆయనకు ఈ బస్సు సంగతి బాగా తెలుసని మాత్రం అనిపిస్తుంది.

జూన్‌లో కోర్టు తెరిచాక, మామ్మగారి కేసు వాయిదా రోజున మరిది బస్సులో కనపడ్డాడు. కాలేజీకి పోవాల్సినదాన్ని, గంట ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి ఆయన వెనకే కోర్టుకు వెళ్ళాను. అంతకుముందెప్పుడూ లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన నిలబడ్డాను. కేసు రాగానే బంట్రోతు వరండాలోకి వచ్చి, ముందు వాది పేరు పిలిచాడు. మామ్మగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. నేను ఆ పేరు అలా వినడం అదే మొదటిసారి. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు.

బెంచీ చివర కూర్చున్న ఆయన లేచి నిలబడి చెయ్యెత్తాడు.

పక్కనున్న వకీలుగారు ఆయన మోచెయ్యి పట్టుకుని, "మీ పేరు కాదండీ, అది ఆవిడ పేరు. మిమ్మల్ని తర్వాత పిలుస్తారు," అని మెల్లగా చెప్పారు.

ఆయన విన్నాడు. చెయ్యి దించలేదు.