ఆండాలు గల్లీ ఇజ్జత్

లాల్‌దర్వాజాలో మహంకాళి గుడి వెనక గల్లీకి పెద్ద ఎవరని అడిగితే అందరూ ఆండాలు పేరే చెప్పేవారు. చెప్పకపోతే ఆమె ఊరుకోదు కదా. చీపురు పట్టినా, పంచాయితీ పట్టినా అంతు చూసేదాకా వదిలేది కాదు. మొగుడు పోయాక రెండు బర్రెల మీదే బతుకు లాక్కొచ్చింది. ఆ పాలన్నీ తెల్లారేసరికి హోటల్‌కు చేరేవి. ఇంటికి ఖాళీ బిందె తిరిగొచ్చేది. తల్లిలేని మనుమరాలు గంజి తాగి పెరుగుతోంది. నాలుగేళ్లొచ్చినా గోడ పట్టుకునే నడిచేది. "పాలు పట్టించు" అన్నాడు హకీం సాబు. పాలమ్ముకునే మనిషికి ఆ సలహా ఇవ్వడం ఆయనకే చెల్లింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో యూనివర్సిటీ నుంచి సుశీలమ్మ అనే పంతులమ్మ వచ్చింది. ఏ గల్లీలో ఏం తింటున్నారో కనుక్కుంటారట. గల్లీ మనిషి ఒకరు వెంట తిరిగితేనే నిజాలు తెలుస్తాయట. అంత చదువు చదివి, నిజాల కోసం ఆండాలును వెతుక్కుంది పాపం. ఇదంతా ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే జనం అబద్ధాలాడతారని భయం.

ఆండాలు ముందే ఇల్లిల్లూ తిరిగింది. "పరాయోళ్లొస్తున్రు. జొన్న గట్క, పచ్చిమిరపకాయ అని చెప్పి గల్లీ ఇజ్జత్ తీసిన్రో, చూడుండ్రి మరి!"

ఇక చూడాలి. పండక్కి గాని నూనె మొహం చూడని ఇళ్లలో రోజూ నెయ్యి ఏరులై పారింది. ఒకామె బాదంపప్పు దాకా వెళ్లింది. ఆండాలు కళ్లురిమితే పెసరపప్పుకు దిగింది. "మరి మీ ఇంట్లో?" అని సుశీలమ్మ అడిగింది. "పాలమ్మేటోళ్లం. మా పోరి పాలల్లనే మునిగి తేల్తది" అంది ఆండాలు, పిల్లను గడప వెనక్కి నెట్టి. గొంతు మాత్రం తగ్గించలేదు.

పక్క గల్లీ నీలమ్మది వేరే పద్ధతి. బోనాల వరుసలో ఎవరు ముందు నడవాలని ఆండాలుతో ఆమెకు ఏటా లొల్లే. నీలమ్మ పంతులమ్మకు ఖాళీ కుండలన్నీ బోర్లించి చూపింది. ఏడ్చింది కూడా.

కొన్నాళ్లకు యూనివర్సిటీవాళ్లు పిల్లలకు ఊరికే పాలు పోయడం మొదలుపెట్టారు, నీలమ్మ గల్లీలో. ఆండాలు గల్లీకి ఆ అవసరం లేదని తేలింది. ఆడవాళ్లంతా ఆండాలును తిట్టిపోశారు. తిట్లు ఆమెకు లెక్క కాదు, తనూ బాగానే తిట్టగలదు. కానీ మనుమరాలు గోడలు పట్టుకుంటూ పక్క గల్లీ దాకా వెళ్లి, పాలు తాగే పిల్లల మూతులు చూస్తూ నిలబడిందని విన్నాక ముద్ద దిగలేదు.

మర్నాడు పిల్లను చంకనెత్తుకుని, కొంగు కింద గ్లాసు దాచుకుని వెళ్లి వరుసలో నిలబడింది. ముందున్నది నీలమ్మే. తిరిగి చూసి పళ్లికిలించింది.

సుశీలమ్మ గుర్తుపట్టింది. "అమ్మా, మీ పాప పాలల్లనే మునిగి తేల్తదన్నారు గదా?"

వరుసంతా చెవులు రిక్కించింది. ఆండాలు గ్లాసు బయటికి తీసింది.

"గదంత ఝూట్ బిడ్డా. మా ఇంట్ల గంజే. గల్లీ అంత గట్కనే. నేనే గట్ల చెప్పించిన. గిది గూడ రాసుకో, రాసుకుని మా పోరికి పాలు పొయ్యి."

నీలమ్మ నవ్వు ఆగిపోయింది. పక్కకు జరిగింది. "ముందుకు పో ఆండాలూ. పోరి చూస్తున్నది."

బోనాలప్పుడు ఎంత కొట్లాడినా దక్కని ముందు చోటు అది. ఆండాలు పిల్లతో వెళ్లి నిలబడి గ్లాసు చాపింది.